కొలతకు కుదిరిన చేతులు

జిరాక్సు షాపు వెనక గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక నైలాను తాడు కట్టి ఉండేది. ఆదివారం పొద్దున షట్టరు సగం దించేశాక నలుగురు మనుషులు ఆ గదిలో చేరేవాళ్ళు. నలుగురికీ బొమ్మల కథలు వేసే పిచ్చి. ఆ వారం ఎవరి వంతైతే వాళ్ళు తమ పేజీల్ని బట్టల క్లిప్పులతో ఆ తాడుకి తగిలించాలి. మిగతా ముగ్గురూ చూసి, అనాల్సిందంతా మొహం మీదే అనాలి. వాళ్ళు ముగించేదాకా బొమ్మ వేసిన మనిషి నోరు మెదపకూడదు. అదీ నియమం. "బొమ్మ మాట్లాడాలి, మనిషి కాదు" అనేవాడు ఆ నియమం పెట్టినాయన.

ఆయన ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. అందుకని అందరూ అతన్ని ఎక్స్‌రే అనే పిలిచేవాళ్ళు. ఎవరి బొమ్మ చూసినా అతను మొదట అనే మాట, "ఇందులో ఎముక లేదు." షాపు నడిపే ఆవిడ జిరాక్సక్క. దెయ్యాల కథలు వేసేది. నలుపు నింపాలంటే ఆవిడ తరవాతే ఎవరైనా. మూడో మనిషి బస్సు కండక్టరు. చివరి స్టాపులో బస్సు ఆగిన పది నిమిషాల్లో కుక్కల కథలు గీసుకునేవాడు. అతని కుక్కలన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉండేవి. ఆ మాట ఎవరైనా అంటే "రైట్ రైట్" అని తలూపి, మళ్ళీ వారం అవే కుక్కల్ని తెచ్చేవాడు.

నాలుగో మనిషి ఎక్స్‌రేకి సొంత చెల్లెలు. అతనికి చెల్లెలు కాబట్టి అందరికీ చెల్లే అయిపోయింది. ఇరవై ఆరేళ్ళది. ఫోన్లు రిపేరు చేసే షాపులో పని. ఆ షాపు మీదే ఒక గది తీసుకుని ఒంటరిగా ఉండేది. పగిలిన స్క్రీను ఊడదీసి కొత్తది అతికించడంలో, కంటికి ఆనని స్క్రూలు బిగించడంలో చెయ్యి తిరిగిన మనిషి. బొమ్మల్లో మాత్రం ఆ చెయ్యి ఇంకా తిరగలేదని వాళ్ళ అన్నయ్య అభిప్రాయం.

ఆమె మొదటిసారి పేజీలు తగిలించిన ఆదివారం వాన పడుతోంది. ఎనిమిది పేజీలు. కథ ఒక దర్జీ ఇంటిది. ముందు గదిలో మిషను, వెనక రెండు గదుల్లో సంసారం. నాన్న, అమ్మ, ఒక ఏడేళ్ళ పిల్ల, ఒక అన్న. మొదటి పేజీలో నాన్న చేతులు మామూలుగానే ఉన్నాయి. పోనుపోను పెద్దవయ్యాయి. నాలుగో పేజీకి చేటలంత అయ్యాయి. ఆరో పేజీలో చెక్క స్కేలు పట్టుకున్న చెయ్యి గడి గీత దాటుకుని పక్క గడిలోకి వచ్చేసింది. అక్కడ అమ్మ మొహం ఒక పక్క ఉబ్బి ఉంది. ఎనిమిదో పేజీలో మొహాలే లేవు. పేజీ నిండా ఒకే అరచెయ్యి, దాని కింద ఒక మూల చొక్కా బొత్తామంత పిల్ల. ఆ చివరి పేజీ తప్ప ప్రతి గడిలోనూ ఎక్కడో ఒక మూల ఆ అన్న ఉన్నాడు. వీపు మనవైపు పెట్టి కూర్చుని, నోటుపుస్తకంలో బొమ్మలేసుకుంటూ.

గీతలన్నీ వంకర. గోడలు ఒరిగిపోయాయి. కుర్చీకి మూడు కాళ్ళే ఉన్నాయి.

ముందు కండక్టరే అన్నాడు. "నాకైతే ఆ చివరి పేజీ చూడగానే చెయ్యి అడ్డం పెట్టుకోబోయానమ్మా. మా బాబాయి గుర్తొచ్చాడు. ఆయన పోయి పదేళ్ళయింది, అయినా భయమేసింది."

"నాకూ ఏదోలా ఉంది" అంది జిరాక్సక్క. "ఇన్ని దెయ్యాలు గీశాను, ఇలా ఒక్కటీ రాలేదు. కానీ..." అని ఎక్స్‌రే వైపు చూసింది. ఆ గదిలో అందరికన్నా బాగా గీసేవాడు అతనే. తీర్పు అతని నోట్లోంచి రావడం అలవాటైపోయింది.

ఎక్స్‌రే తాడు పొడుగునా అటు ఒకసారి, ఇటు ఒకసారి నడిచాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. అది చెల్లెలు ఒక్కతే గమనించింది.

"కొలత లేదు" అన్నాడు. "మనిషి చెయ్యి వాడి మొహమంత ఉంటుంది. గడ్డం నుంచి నుదుటిదాకా, అంతే. ఇక్కడ తలుపంత ఉంది. పైగా దర్జీ. సూదిలో దారం ఎక్కించే వేళ్ళు ఇలా రోకళ్ళలా ఉంటాయా?"

"రైట్ రైట్" అన్నాడు కండక్టరు, ఈసారి కొంచెం మెల్లగా.

"భయమేసిందంటున్నారు. గీయడం చేతకాక పుట్టిన భయం అది. చిన్నపిల్లలు గోడ మీద గీసిన బొమ్మ చూసినా భయమేస్తుంది. అందులో గొప్పేముంది? ఇక ఈ కుర్రాడు. ప్రతి గడిలోనూ వీడెందుకు? కథలో వీడు చేసేదేమీ లేదు. ఊరికే చూపు చెదరగొడుతున్నాడు. తీసెయ్."

వాడు చేసేదేమీ లేదన్న మాట నిజమే. అందుకే ఆమె వాణ్ణి అక్కడ కూర్చోబెట్టింది. చెబుదామని నోరు తెరిచింది. అన్నయ్య వేలెత్తి "నియమం" అన్నాడు. ఆమె నోరు మూసుకుంది. ఆ దర్జీ ఎవరో, ఆ ఇల్లెవరిదో కండక్టరుకీ జిరాక్సక్కకీ తెలియదు. అన్నాచెల్లెళ్ళిద్దరికీ తెలుసు.

ఆమె మాట్లాడే వంతు వచ్చేసరికి మిగతా ముగ్గురూ ఒకే మాట మీదికి వచ్చేశారు. కండక్టరు తను భయపడిన సంగతి వెనక్కి తీసుకున్నాడు. "నేను బొమ్మ చూళ్ళేదు, మా బాబాయిని చూశాను. తప్పు నాదే" అన్నాడు. ఆమె "సరే అన్నయ్యా, నేర్చుకుంటాను" అంది.

ఆ మధ్యాహ్నం అన్నయ్య ఆమెని భోజనానికి తీసుకెళ్ళాడు. సంచిలోంచి తొంగిచూస్తున్న పేజీలు లాగి వదిన ఒక్కొక్కటే చూసింది. మూడో పేజీ దగ్గర ఆగి, "ఇదేంటి, మామయ్యగారా?" అంది.

"కథే అది. ఎవరూ కాదు" అన్నాడు అన్నయ్య కంచంలోంచి తలెత్తకుండా.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అంత విసురెందుకు? అడిగానంతే." పేజీలు సర్ది మరదలి చేతిలో పెడుతూ వదిన గొంతు తగ్గించింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చూసుకో తల్లీ."

తరవాతి ఏడాదిన్నర చెల్లెలి జీవితంలో చాలా సంతోషంగా గడిచింది. అన్నయ్య చెప్పింది ఊరికే చెప్పలేదు, నిజంగా నేర్పాడు. ఆసుపత్రిలో పాతబడి పారేసే ఫిల్ములు తెచ్చి కిటికీ అద్దానికి అతికించేవాడు. "చేతిలో ఇరవై ఏడు ఎముకలు. ఒక్కొక్కటీ పట్టుకో. చర్మం తరవాత గీయొచ్చు" అనేవాడు. కొత్త కాగితాలు దండగని ఆమె తన మొదటి ఎనిమిది పేజీల వెనక వైపే ఆ ఎముకలు సాధన చేసింది. అవి నిండిపోయాక చెత్తబుట్టలో పడేసింది. షాపులో ఫోను ఇవ్వడానికి వచ్చిన ప్రతివాడి చెయ్యీ కౌంటరు మీద ఎలా ఆనుతోందో చూసేది. వేలు ఎక్కడ వంగుతుంది, బొటనవేలి కింద కండ ఎక్కడ లేస్తుంది, ఉంగరం తీస్తే మచ్చ ఎక్కడ ఉంటుంది, అన్నీ. గీత నిలబడడం మొదలైంది. గోడలు నిలువుగా నిలబడ్డాయి. కుర్చీకి నాలుగో కాలు వచ్చింది.

ఇంకో సంతోషం కూడా ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చిన్నప్పటి నుంచీ ఆమె అన్నయ్య వీపే చూసింది. ఇప్పుడతను పక్కన కుర్చీ వేసుకుని, భుజం భుజానికి తగిలేలా కూర్చుని, ఆమె పెన్సిలు పట్టుకున్న వేళ్ళని సర్దుతున్నాడు. దాని కోసం ఆమె ఒక కుర్రాణ్ణి కాదు, వందమంది కుర్రాళ్ళని కథలోంచి తీసేసేది.

అదే కథ రెండోసారి వేసినప్పుడే కుర్రాడు పోయాడు. తరవాత ఒక్కో ఆదివారం ఒక్కోటి పోయింది. అమ్మ ఉబ్బిన మొహం చూసి జిరాక్సక్క, "పన్ను నొప్పి అనుకుంటారే. అటు తిప్పి నిలబెట్టు. వీపు గీస్తే ఇంకా బాధగా ఉంటుంది" అంది. అమ్మ పొయ్యి వైపు తిరిగింది, మళ్ళీ ఇటు తిరగలేదు. స్కేలు చేతిలో ఉంటే సినిమాలా ఉందన్నారు. బల్ల మీద పెట్టింది. బల్ల మీదైనా కళ్ళు దానిమీదికే పోతున్నాయన్నారు. మేకుకి తగిలించింది. కండక్టరు మంచిమనసుతోనే, "తండ్రిలో మంచి కూడా ఓ ముక్క చూపించు చెల్లీ, బండి ఒక్క పక్కకే ఒరిగిపోతోంది" అన్నాడు. నాన్న కూతురికి గౌను కుడుతున్న పేజీ ఒకటి చేర్చింది. అది అబద్ధం కాదు. ఒకసారి కుట్టాడు.

ప్రతి మాటా విడిగా చూస్తే న్యాయంగానే ఉంది. ఎవరూ చెడగొట్టాలని అనలేదు. పదకొండోసారి వేసిన పేజీలు తాడు మీద వేలాడుతుంటే ఎక్స్‌రే చాలాసేపు చూశాడు. సన్నటి వేళ్ళు, కణుపులు, గోళ్ళ కింద నీడ. దర్జీ దీపం వెలుగులో సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. అలసిపోయిన, కాస్త ముక్కోపి అయిన, ఇంటి కోసం కష్టపడే మనిషి.

"ఇప్పుడొచ్చింది ఎముక" అన్నాడు అన్నయ్య.

చెల్లెలు ఏడ్చేసింది. జిరాక్సక్క కౌగిలించుకుంది. కండక్టరు గట్టిగా "రైట్ రైట్" అని తాడు మీద చెయ్యేసి రెండుసార్లు గుంజాడు, బస్సులో గంట కొట్టినట్టు.

నలుగురి కథలూ కలిపి ఒక పుస్తకం చేద్దామన్నది జిరాక్సక్క. తన మిషను మీదే రెండొందల కాపీలు తీసింది. పిన్నులు కొట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది. లైబ్రరీ వాళ్ళు కింద హాలు ఒక పూట ఇచ్చారు. పేజీల్ని పెద్దవి చేసి గోడలకి అతికించారు. అన్నిటికన్నా ముందు, గుమ్మంలోకి రాగానే కనపడేలా, చెల్లెలి కథ పెట్టారు. అది అన్నయ్య నిర్ణయమే. తల్లిదండ్రుల్ని పిలిచింది కూడా అతనే.

"నాన్ననెందుకు పిలిచావు?" అని అడిగింది చెల్లెలు, ఆ సంగతి తెలిసి.

"ఎందుకు పిలవకూడదు? అందులో ఆయన చూడకూడనిది ఏముంది?"

ఆమె ఆలోచించింది. ఏమీ లేదు.

నాన్న ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. వెనకాల రెండడుగుల దూరంలో అమ్మ. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివాడు. ఆయన కొలతలు చూసే మనిషి. ఏదైనా చూస్తే దగ్గరికెళ్ళి, వెనక్కి జరిగి, మళ్ళీ దగ్గరికెళ్ళి చూస్తాడు. అలాగే చూశాడు. గౌను పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అచ్చు నేనే" అన్నాడు. హాల్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. "ఇదిగో, ఇది నా చెయ్యే. ఈ వేలు మీద మిషను సూది దిగిన మచ్చ కూడా వేసింది. ఎప్పుడు చూసిందో! ఇంట్లో మూలన కూర్చునేది, నోట్లో నాలుక లేనట్టు. అన్నీ కనిపెడుతూనే ఉంది దొంగ." నవ్వుతూ కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ చెయ్యి పైకి లేవగానే భుజాలు దగ్గరికి లాక్కుంది. ఎవరూ చూడలేదు. పక్కన ఎవరో చప్పట్లు కొట్టారు.

"షాపుకొచ్చేవాళ్ళకి ఇవ్వడానికి పది పుస్తకాలు కావాలిరా" అన్నాడు నాన్న కొడుకుతో.

అమ్మ మాత్రం ఇంకా గోడ దగ్గరే ఉంది. వేలు పెట్టి ఒక్కో గడీ చదువుతోంది. కూతురు వెళ్ళి పక్కన నిలబడింది. అమ్మ చివరి పేజీదాకా వచ్చి, కొంగుతో పెదాలు తుడుచుకుంది.

"బాగుందే" అంది. "ఇలాగే ఉండుంటే ఎంత బాగుండేది."

నాన్న పిలిస్తే వెళ్ళిపోయింది.

చెల్లెలు అన్నయ్యని లైబ్రరీ వెనక, సైకిళ్ళు పెట్టే చోట పట్టుకుంది. అతను ఖాళీ అట్టపెట్టెలు చదును చేస్తున్నాడు.

"అమ్మ ఏమందో విన్నావా?"

"బాగుందంది కదా."

"అన్నయ్యా. ఆ రోజుల్లో నువ్వు పక్క గదిలోనే ఉండేవాడివి."

అతను ఇంకో పెట్టె తీసుకుని మూలలు విప్పాడు. "నాకు పద్నాలుగేళ్ళు."

"నాకు ఏడు."

"ఏం చెయ్యమంటావే? అడ్డం పడితే నన్నూ కొట్టేవాడు. నేను గీసుకునేవాణ్ణి. తల దించుకుని గీస్తే చప్పుడు తగ్గేది. నా బొమ్మలన్నీ అలాగే వచ్చాయి నాకు. ఇప్పుడు దానికి కూడా తప్పు పడతావా?"

"నేను తప్పు పట్టలేదు. ఒక మూల కూర్చోబెట్టానంతే. నువ్వు అదీ ఉండనివ్వలేదు."

అతను అట్ట పక్కన పెట్టాడు. "అవి ఆ తాడు మీద వేలాడుతుంటే... వాళ్ళిద్దరూ ఏ క్షణాన నా వైపు తిరిగి, ఈ కుర్రాడు నువ్వేనా అంటారో అని చచ్చిపోయాను. కొలతలు అడ్డం పెట్టుకున్నాను. కానీ నేను చెప్పిన కొలతల్లో తప్పు లేదు. అది మాత్రం నువ్వు ఒప్పుకోవాలి. నీ గీత బాగుపడిందా లేదా?"

"బాగుపడింది" అంది ఆమె. అదే ఆమెకి అన్నిటికన్నా మంట పుట్టించింది.

ఆ తరవాత ఆదివారాలు మానేసింది. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు, పని ఎక్కువగా ఉందని చెప్పింది. సాయంత్రాలు షాపు మూశాక తన గదిలో కూర్చుని ఆ ఎనిమిది పేజీలూ మళ్ళీ వేయడానికి చూసింది. చెయ్యిని పెద్దది చేస్తే పెద్దదయ్యేది, అంతే. కణుపులు కుదురుగా ఉండేవి. నీడ సరిగ్గా పడేది. మంచి చెయ్యిని భూతద్దంలో చూసినట్టు ఉండేది తప్ప, ఎవరి మీదికీ రాలేదు. గోడ వంకరగా గీద్దామంటే, వంకర గీయాలనుకుని గీసిన గోడలా వచ్చింది. ఎడం చేత్తో వేసి చూసింది. కళ్ళు మూసుకుని వేసింది. వచ్చిన విద్యని రానట్టు నటించడం కాగితం మీద ఇట్టే తెలిసిపోయేది.

కొన్నాళ్ళకి కండక్టరు పగిలిన ఫోను పట్టుకుని షాపుకి వచ్చాడు. ఆమె స్క్రీను మారుస్తుంటే అటూ ఇటూ చూసి అన్నాడు, "నువ్వు మొట్టమొదట తెచ్చిన ఆ చివరి పేజీ ఉందా చెల్లీ? ఒకసారి చూడాలనుంది. పుస్తకంలో ఉన్నది అప్పుడే మర్చిపోయాను. అది మాత్రం ఇంకా కళ్ళల్లోనే ఉంది."

"లేదండీ. పడేశాను."

"నేనా రోజు గట్టిగా అనాల్సింది."

"అన్నారుగా."

"అన్నాను. అని వెనక్కి తీసుకున్నాను. మీ అన్నయ్యకి బొమ్మల సంగతి తెలుసు, నాకేం తెలుసులే అనుకున్నాను." ఫోను తీసుకుని, కొత్త అద్దం మీద బొటనవేలితో రాసి చూసుకుని వెళ్ళిపోయాడు.

వాన తగ్గిన రోజుల్లో అమ్మ ఫోను చేసింది. నాన్న షాపు బోర్డు పాతబడిందట, కొత్తది పెట్టాలట. దాని మీద ఆ పుస్తకంలో ఉన్నట్టే దర్జీ బొమ్మ కావాలట, అదీ కూతురే వేయాలట.

"నాకు కుదరదని చెప్పమ్మా."

"వేసి పడెయ్యవే. ఇప్పుడు మునుపంత లేదులే. కానీ నువ్వు కాదన్నావని నేనే కదా ఆయనకి చెప్పాలి."

ఆమె సెలవు రోజు రంగులూ బ్రష్షులూ సంచిలో వేసుకుని వెళ్ళింది. ముందు గదిలో మిషను పక్కకి జరిపి, రేకు బోర్డుని గోడకి ఆనించారు. నాన్న కత్తెర పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. గడ్డం గీసుకుని తయారుగా ఉన్నాడు.

"ఇలా ఉంచనా చెయ్యి?"

"కొంచెం పైకి నాన్నా."

"ఇలాగా?"

"ఆఁ. కదపకండి."

ఆయన కదపలేదు. గంటసేపు ఆ చెయ్యి గాల్లో అలాగే ఉంది. ఆమె బొటనవేలితో మొదలుపెట్టి, కణుపు తరవాత కణుపు, మణికట్టుదాకా దించింది. ఒక్క గీతా చెరిపి గీయాల్సిన అవసరం రాలేదు. అమ్మ టీ తెచ్చి స్టూలు మీద పెట్టి, బోర్డు వంక చూడకుండా లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నానికి బోర్డు ఎక్కించారు. దారిన పోయే వాళ్ళు ఆగి, బొమ్మనీ కింద నిలబడ్డ మనిషినీ మార్చి మార్చి చూసి, ఇద్దరికీ తేడా లేదన్నారు. ఆమె బ్రష్షులు కడిగి, గుడ్డలో చుట్టి, అమ్మకి వెళ్ళొస్తానని చెప్పి బస్సెక్కింది.